నోరు మూయని వీధి

"ఎర్ర చొక్కా బాబూ! ముందు కుడికాలు పెట్టండి. ఎడమకాలు పెట్టినోళ్లకి మా వీధి వదిలి ఎళ్లబుద్ధి కాదు!"

గాలిబండి దిగిన సందర్శకులు పకపకా నవ్వారు. పిలిచింది గోడ, గొంతు మాత్రం గవర్రాజుది. ఆ గవర్రాజు నాలుగిళ్ల అవతల అరుగు మీద, మెడదాకా దుప్పటి కప్పుకుని శవమై ఉన్నాడు. పక్కన కూర్చున్న అతని భార్య పైడితల్లి రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

విశాఖ రేవు పక్కన పాత గోదాముల్లో వెలసిన తెరచాపల వీధి అది. బొమ్మలు చేసేవాళ్లు, డప్పులవాళ్లు, నాటకాలవాళ్లు అక్కడే ఉంటారు, అక్కడే ఆడతారు, అక్కడే పోట్లాడుకుంటారు. ఎక్కడెక్కడినుంచో జనం చూడ్డానికి వస్తారు. వీధి మొగలో నిలబడి వాళ్లను ఆటపట్టిస్తూ లోపలికి పిలవడం గవర్రాజు పని. దిగాలు ముఖం కనబడితే దాన్ని నవ్వించేదాకా వదిలేవాడు కాదు.

ఒక ఏడు వీధి వీధంతా విషజ్వరంతో మంచం పట్టింది. వచ్చినవాళ్లు మూసిన తలుపులు చూసి పెదవి విరిచి వెళ్లిపోయారు. కళాకారులు ఆకలినైనా తట్టుకోగలరు గాని ఆ పెదవి విరుపు తట్టుకోలేరు. అందరూ కలిసి పట్టుబట్టి నగరకేంద్రం చేత "సందడికాపరి"ని పెట్టించుకున్నారు. గోడల్లో పొదిగిన చెవిగింజలు వీధిని వింటూ, చూస్తూ ఉంటాయి. సద్దు తగ్గిందంటే చాలు, ఆ గోడల్లోనే ఉన్న పలుకురాళ్లు అందుకుంటాయి. దాచిపెట్టిన గొంతులతో, ఎదుట ఉన్న మనుషులకు తగ్గట్టు అప్పటికప్పుడు కొత్త మాటలల్లి పలుకుతాయి. అంతకుముందు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని అధికారులు డప్పులు ఆపించిన మంట ఇంకా ఆరలేదేమో, ఎవరు చెప్పినా ఆగకూడదని షరతు కూడా రాయించుకున్నారు. అలా రాయించాలని అందరికంటే గట్టిగా అరిచింది గవర్రాజే. ఆ వానాకాలమంతా చెవిగింజల ముందు కూర్చుని తన గొంతు ధారపోసిందీ అతనే.

అంత తెలివైనవాళ్లకూ తమ వీధి ఆచారమొకటి గుర్తుకు రాలేదు. అక్కడ ఎవరైనా పోతే వాద్యాలన్నిటికీ తెల్లగుడ్డ కప్పేస్తారు. శవం వీధి దాటేదాకా ఎవరూ పెదవి విప్పరు. రోజంతా మోగే వీధి ఒక మనిషి కోసం నోరు మూయడమే అక్కడ పెద్ద మర్యాద. సందడికాపరి వచ్చాక ఆ వీధిలో ఇదే మొదటి చావు.

తెల్లగుడ్డలు కప్పగానే వీధి నిశ్శబ్దమైంది. నిశ్శబ్దం కాగానే గవర్రాజు లేచాడు.

డప్పుల అప్పలనర్సయ్య నగరకేంద్రానికి మాట కలిపి బతిమాలాడు. "ఒక్క పూటమ్మా. శవాన్ని లేపిందాకా."

"నా చేతుల్లో లేదండీ," అంది అవతలి అమ్మాయి, పాపం నిజంగానే బాధపడుతూ. "ఆపే వీలు లేకుండా మీ వీధివాళ్లే చేయించుకున్నారు. మీరు మాట్లాడకుండా ఉన్నంతసేపూ అది మాట్లాడుతుంది."

కొరివితో తల గోక్కున్నామని నర్సయ్యకు అప్పుడు అర్థమైంది. పోనీ సందర్శకులనైనా పంపేద్దామని వెళ్లి, చేతులు జోడించి, చావు జరిగిందని చెప్పాడు. వాళ్లు తలలూపి మరింత దగ్గరికి వచ్చారు. ఈ వీధిలో నాటకం ఎక్కడ మొదలవుతుందో ఎవరికి తెలుసు! ఒక పెద్దాయన శవాన్ని మెచ్చుకోలుగా చూసి, "రెండో ఆట ఎన్నింటికండీ?" అని మెల్లిగా అడిగాడు. నర్సయ్యకు కోపం రావలసింది. ఏడుపొచ్చింది.

పైడితల్లి కోరినది ఒక్కటే: తన మనిషిని మర్యాదగా, మౌనంగా సాగనంపడం. కాని ఆ గొంతు వినబడుతుంటే ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు. పోయాడని నమ్మితే కదా ఏడవడానికి!

అంతలో చెవిగింజలు వీధిలోకెల్లా దిగాలు ముఖాన్ని పట్టేశాయి.

"ఏటే పైడీ!" అంది ఆమె వెనకున్న గోడ. "ముఖం అలాగెట్టావేటి? పులుసులో ఉప్పు మర్సిపోయావా? పోనీలే, నీ సేతి సప్పిడి కూడూ నాకు పరమాన్నమే."

సందర్శకులు ఘొల్లున నవ్వారు. పైడితల్లి చెవుల మీది చేతులు దించేసి నర్సయ్య వైపు తిరిగింది.

"వాయించు నర్సయ్యా," అంది.

"వొదినా! గుడ్డ తియ్యమంటావా? అన్న ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు."

"తియ్యి. మనం అరిస్తేనే గదా అది ఊరుకునేది. మౌనంగా పంపే రాత లేదు మనకి. ఆడిని ఆడి గొంతు నుంచైనా ఇడిపించండి."

నర్సయ్య గుడ్డ తీసి డప్పు మీద దెబ్బ వేశాడు. ఒకరి తరవాత ఒకరు అందరూ గుడ్డలు తీశారు. ఏడుస్తూనే తాళాలు, ఏడుస్తూనే ఈలలు. నలుగురు పాడె ఎత్తారు. "పైడీ, ఇంకొక్క మాట..." అంటున్న గోడ ఆ హోరుకు చటుక్కున ఆగిపోయింది. సందర్శకులు చప్పట్లు కొడుతూ వెంట నడిచారు. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ చప్పట్లూ కావలసినవే మరి.

వీధి చివరి ఇంటిదాకా వచ్చారు. ఆ ఇల్లు దాటితే పలుకురాళ్లు లేవు. పైడితల్లి ఉన్నట్టుండి నర్సయ్య మణికట్టు పట్టుకుంది.

"ఆపు."

"వొదినా, నాలుగడుగులే ఉంది. దాటేత్తే..."

"ఆపమన్నాను గదా! ఏదో సెప్పబోయాడు. నానే నోరు నొక్కేసినాను."

"అది అన్న కాదమ్మా," అన్నాడు నర్సయ్య. ఆ మాట అతనికే గట్టిగా రాలేదు.

"నాకు తెలీదేటి?" అంది ఆమె, మొదటిసారి ఏడుస్తూ.

డప్పు ఆగింది. తాళాలు ఆగాయి. ఆమె ఏడుపు చూసి సందర్శకులు కూడా చప్పట్లు మానేశారు. పాడె మోస్తున్న నలుగురూ అడుగు ముందుకు వెయ్యాలో నిలబడాలో తెలియక, బరువును భుజం మార్చుకుంటూ ఆమె వైపే చూస్తున్నారు. పైడితల్లి కొంగు నోట్లో కుక్కుకుని, చివరి ఇంటి గోడకు చెవి ఆనించింది.