ఓనరు పేరు: నాన్న

వానలో వచ్చిన మనిషి ఎవరైనా ముందు గొడుగు మూసి, తర్వాత నోరు తెరుస్తారు. ఆ అమ్మాయి రెండూ ఒకేసారి చేసింది.

"వెబ్‌సైట్లకి పేర్లు అమ్మేది మీరే కదండీ? మా పేరు ఎవడో ఎత్తుకుపోయాడు. ఫోన్ చేస్తే మీరేమో సంగీతం వినిపిస్తున్నారు!"

గొడుగు నీళ్లు కౌంటరు మీదా, కీబోర్డు మీదా, ఫిర్యాదుల సీట్లో కూర్చున్న అబ్బాయి చొక్కా మీదా సమానంగా పడ్డాయి. అతను ముందు కీబోర్డు తుడిచాడు. చొక్కా సంగతి తర్వాత. ఆఫీసులో అతన్ని రూల్సుబాబు అంటారు. రూలు లేకుండా తుమ్మడని అతనికి పేరు. మనిషి మంచివాడే, ఆ మంచితనాన్ని కూడా ఏదో ఒక రూలు కింద రాసుకుంటాడు, అంతే.

"కూర్చోండి మేడమ్. ఏ పేరు పోయింది?"

"నాన్నగడియారం."

"ఓనరుగా ఎవరి పేరుంది?"

"నాన్న."

"అదే, మీ నాన్నగారి పేరు చెప్పండి."

"చెప్పాను కదండీ. ఓనరు పేరు అన్నచోట 'నాన్న' అని కొట్టాను. అప్పుడు కాలేజీలో ఉన్నాను. సరదాగా ఉంటుందనుకున్నా."

అతని వేళ్లు ఆగిపోయాయి. "మేడమ్, లోకంలో ఎంతమంది నాన్నలున్నారో తెలుసా?"

"నాకు ఒక్కడే ఉన్నాడు!" అంటూ గొడుగు పిడితో కౌంటరు మీద ఒక్కటిచ్చింది.

టైపు చేసేటప్పుడు చేతి గడియారం విప్పి పక్కన పెట్టుకోవడం అతని అలవాటు. ఆ దెబ్బకి అది ఎగిరి కిందపడింది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చప్పుడు లేదు.

అమ్మాయి కోపమంతా ఒక్కసారిగా దిగిపోయింది. "అయ్యో! కీ ఇచ్చే గడియారమా? లోపల ఇరుసు విరిగుంటుంది. ఇటివ్వండి, మాది గడియారాలు బాగుచేసే కొట్టే. నేను చేసిస్తాను."

"వద్దండీ. కేసు తేలేదాకా ఫిర్యాదు ఇచ్చినవాళ్ల దగ్గర ఏ సాయమూ తీసుకోకూడదు. రూలు."

"అయితే ఇంకో కొట్లోనైనా ఇవ్వండి. పాపం తగులుతుంది నాకు."

"చూస్తాను," అని ఆగిపోయిన గడియారాన్నే మళ్లీ చేతికి పెట్టుకున్నాడు. "అసలేం జరిగిందో చెప్పండి."

ఆమె చెప్పింది. ఈసారి మెల్లగా చెప్పింది. ఎక్కడెక్కడివాళ్లో సైటు చూసి, అందులో ఉన్న చిరునామాకి తమ గడియారాలు పార్సెల్ చేస్తారు. నాన్న బాగుచేసి తిప్పి పంపిస్తాడు. ఎలాగో పాస్‌వర్డు సంపాదించి పేరు కొట్టేసినవాడు సైటు అలాగే ఉంచాడు. నాన్న ఫోటో కూడా తీయలేదు. చిరునామా ఒక్కటి మార్చాడు.

"ఒక పెద్దావిడ, రిటైరైన నర్సు, చనిపోయిన భర్త గడియారం పంపిందండీ. అది వాడికి పోయింది. మొన్న కొట్టుకి వచ్చి నాన్నని దొంగా అని నోటికొచ్చినట్టు తిట్టింది. నాన్న ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆవిడ వెళ్లాక షట్టరు దించేశాడు. ఇంక ఎత్తడం లేదు. ఎవరి మొహం చూడమంటావ్ అంటాడు."

రూల్సుబాబు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అలాంటప్పుడు అతనికి తెలిసిన పని ఒకటే, పద్ధతి ప్రకారం ముందుకెళ్లడం. ఓనరుకి విచారణ మెయిల్ పంపే బటన్ నొక్కాడు. నొక్కాక అడిగాడు, "మీరు రికార్డులో ఏ మెయిల్ ఇచ్చారు?"

"మా సైటు పేరుతో ఉన్నదే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైటు పేరు ఎవడి దగ్గరుంటే ఆ మెయిలూ వాడిదే. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు లాగేసినట్టయింది.

జవాబు నిమిషాల్లో వచ్చేసింది. ఎంతో మర్యాదగా ఉంది. ఈ పేరును 'నాన్న' అనే వారి నుంచి తాను కొనుక్కున్నాడట, అమ్మకం కాగితం జతచేశాడట, పేరును వెంటనే వేరే కంపెనీకి మార్చుకోవడానికి అనుమతించమని ప్రార్థనట.

"దొంగ వెధవ! ప్రార్థన కూడానా!" అంది అమ్మాయి. "మారిస్తే ఏమవుతుంది?"

"మా చేయి దాటిపోతుంది. అక్కణ్ణుంచి ఇంకో కంపెనీ, ఇంకో దేశం." అంటూనే చకచకా ఏవో నొక్కాడు. "కానీ మారదు. ఫిర్యాదు ఉన్న పేరు కదలకూడదు. సైటు కూడా ఆపేశాను. ఇక వాడికి కొత్తగా ఒక్క గడియారం పోదు."

"అది కూడా రూలేనా?"

"రూలే."

"మొదటిసారి మీ రూలు ఒకటి నచ్చింది," అంది. నవ్వబోయి ఆపుకుంది. అతను మాత్రం ఆ సగం నవ్వు చూసేశాడు. కీబోర్డు ఆరిపోయినా దాన్ని ఇంకోసారి తుడిచాడు.

"ఎక్కువ రోజులు ఆపలేనండీ. వాడి దగ్గర దొంగదో నిజందో ఒక కాగితముంది. మీ తరఫునా ఏదో ఒక రుజువు ఉండాలి. పేరు పోకముందు తేదీది, మీ చేతిలో కాక ఇంకెవరి దగ్గరో ఉన్నది. మీ దగ్గరున్నదైతే ఇప్పుడే తయారుచేశారంటారు."

ఆ తర్వాత ఆమె రోజూ ఫోన్ చేసింది.

"రూల్సుగారూ, కొట్టు బోర్డు ఫోటో పనికొస్తుందా?"

"అందులో సైటు పేరు లేదండీ."

"మా నాన్న మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు. అది పనికొస్తుందా?"

"తేదీ ఉండాలండీ."

"మొహం మీద తేదీ వేయించనా?"

అతను నవ్వేశాడు. పక్కసీట్లవాళ్లు తలలు తిప్పి చూశారు. రూల్సుబాబు నవ్వడం వాళ్లు చూడటం అదే మొదటిసారి.

చిరునామా సరిచూడాలి కాబట్టి ఒక సాయంత్రం కొట్టుకి వెళ్లాడు. వెళ్లాల్సిన పని నిజంగానే ఉంది. దువ్వుకున్న జుట్టు ఇంకోసారి దువ్వుకోవాల్సిన పని మాత్రం లేదు.

అతను వస్తాడని షట్టరు సగం ఎత్తి ఉంచారు. లోపల గోడ నిండా గడియారాలు, తలో మాటా చెబుతున్నాయి. నుదుటి మీదికి నెట్టుకున్న బుల్లి భూతద్దంతో ఒక పెద్దాయన ఊరికే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పని బల్ల తుడిచి ఖాళీగా ఉంది.

"రుజువంటే ఏం చూపించను బాబూ?" అన్నాడాయన. "నేను చేసిందంతా మూతల వెనకాలే ఉంటుంది. ఎవరికి కనిపిస్తుంది?"

"మూతల వెనకాల ఏముంటుందండీ?"

ఆయన సొరుగులోంచి తన సొంత గడియారం తీసి, వెనక మూత ఊడదీసి, భూతద్దం అతని చేతికిచ్చాడు. మూత లోపలివైపు సూదితో గీసిన గీతలు. చీమ కాళ్లంత అక్షరాలు.

"బాగుచేసిన ప్రతిదాంట్లో గీస్తాం. ఏ రోజు చేశామో, ఎవరు చేశారో. రేపు ఇంకొకడు విప్పినా తెలియాలిగా. మా గురువు నేర్పిన పద్ధతి."

"మరి తేదీ పక్కన ఇదేంటి?" రూల్సుబాబు గొంతు మారిపోయింది. "నాన్నగడియారం అని ఉందే!"

పెద్దాయన కొంచెం సిగ్గుపడ్డాడు. "అమ్మాయి సైటు పెట్టిందిగా. ఆ రోజు నుంచి అది కూడా గీస్తున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అంది వెనకనుంచి కూతురు. పనంతా నేర్పాడు కానీ మూత విప్పడం, వేయడం మాత్రం ఆయన ఎవరి చేతికీ ఇవ్వడు. కూతురికి కూడా.

"చెప్పేదేముంది తల్లీ. నువ్వు పెట్టిన పేరు, గీసుకున్నాను."

ఆ అమ్మాయి అటు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాల బీరువాని గబగబా తుడవడం మొదలుపెట్టింది. రూల్సుబాబుకి ఆ వీపుని చూస్తూ ఉండిపోవాలనిపించింది. ఈ మనిషి కన్నీళ్లు తుడవడానికి ఏ రూలు ఒప్పుకుంటుందా అని కూడా ఆలోచించాడు. దొరకలేదు.

"ఇలాంటి గడియారాలు ఎంతమంది చేతులకున్నాయండీ?" అన్నాడు చివరికి.

"ఉండటానికి చాలామందికే ఉన్నాయి. కానీ ఎవరొస్తారు బాబూ? దొంగనంటున్నారుగా."

వచ్చారు. కూతురు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది, ఆ శుక్రవారం వానలోనే వచ్చారు. బస్సు డ్రైవరు వచ్చాడు, బడి హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది, కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. మేనేజరు మేడమ్ తన గదిలోంచి బయటికొచ్చి, "ఇది ఆఫీసా, గడియారాల సంతా?" అంది.

"సాక్ష్యాలు మేడమ్," అన్నాడు రూల్సుబాబు. "తేదీలతో సహా."

పెద్దాయన కౌంటరు మీద గుడ్డ పరిచి ఒక్కో మూతా విప్పాడు. మేడమ్ ఆయన ఇచ్చిన ఇంకో భూతద్దం కంటికి పెట్టుకుంది. మొదట విసుగ్గా చూసింది. నాలుగో గడియారానికి, "ఇంకోటి ఇలా ఇవ్వండి," అని తనే అడిగి తీసుకుంది.

అంతలో తలుపు తోసుకుని రిటైరైన నర్సు వచ్చింది. పెద్దాయన చేతులు ఆగిపోయాయి. కూతురు ఒక అడుగు ముందుకేసింది, మళ్లీ ఒక్క మాటన్నా ఊరుకోకూడదని.

ఆవిడ ఎవరి వంకా చూడకుండా తన చేతి గడియారం విప్పి గుడ్డ మీద పెట్టింది. "ఇది నాది. పోయినేడాది నువ్వే బాగుచేశావు. ఒక్క నిమిషం కూడా తప్పలేదు. విప్పి చూపించు వీళ్లకి." కాస్త ఆగి, "ఆ రోజు నేను అనకూడని మాటన్నాను అన్నయ్యా," అంది.

ఆయన భూతద్దం కంటి మీదికి లాక్కున్నాడు. మూత విప్పడానికి మాత్రం మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది.

ఇలాంటిదే నీ దగ్గర ఏదైనా ఉంటే చూపించమని అవతలివాడికి మేడమే స్వయంగా రాసింది. అంత మర్యాదస్తుడూ మళ్లీ జవాబివ్వలేదు. పేరు నాన్నకి తిరిగొచ్చింది. సైటులో పెట్టిన దొంగ చిరునామాకి పోలీసులు వెళితే పార్సెళ్లు దొరికాయి. నర్సు భర్త గడియారం వాటిలోనే ఉంది. ఒక్కటి మాత్రం దొరకలేదు. ఆ ఊసెత్తితే పెద్దాయన ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాడు.

కేసు మూసేసిన మర్నాడు సాయంత్రం రూల్సుబాబు కొట్టు ముందు నిలబడ్డాడు. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. గొడుగు తేలేదు, నిలువునా తడిశాడు.

"కేసు అయిపోయిందండీ," అన్నాడు.

"తెలుసు. మెయిల్ వచ్చింది. ఈసారి వేరే మెయిల్ ఇచ్చాన్లెండి."

"అంటే ఇప్పుడు మీ దగ్గర సాయం తీసుకోవచ్చు." చేతి గడియారం విప్పి కౌంటరు మీద పెట్టాడు.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఇంకా ఎక్కడా ఇవ్వలేదా? ఆగిపోయినదే పెట్టుకు తిరుగుతున్నారా ఇన్నాళ్లూ?"

"మీటింగులకి ఆలస్యంగా వెళ్తున్నానని మేడమ్ తిట్టింది కూడా."

"మరెందుకలా?"

అన్నిటికీ రూలు చెప్పే మనిషికి ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. "మీరు చేస్తానన్నారు కదా. ఇంకొకళ్ల చేతిలో పెట్టబుద్ధి కాలేదు. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మొదటి రోజు నుంచీ."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి కానీ నోరు ఊరుకోలేదు. "రుజువేంటి? కేసు గెలిచాక ఎవరైనా ఇష్టమే అంటారు. పాత తేదీది కావాలి. అది కూడా మీ చేతిలో కాక, ఇంకెవరి దగ్గరో ఉన్నది."

అతను గడియారం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "ఇప్పుడు మీ దగ్గరుంది. తేదీ చూడండి."

అంకెల పక్కన చిన్న కిటికీలో వారం, తేదీ ఆగిపోయి ఉన్నాయి. ఆమె గొడుగు పిడితో కౌంటరు మీద కొట్టిన రోజు.

ఆమె ఆ చిన్న కిటికీని బొటనవేలితో తుడిచి మళ్లీ చూసింది. తలెత్తినప్పుడు ఆ రోజు ఆపుకున్న నవ్వు మొత్తం వచ్చేసింది. "మీరు మామూలు మనిషి కాదండీ బాబూ," అంది. కళ్లలో నీళ్లున్నాయి.

"ఏమ్మా, తేదీ సరిపోయిందా?" వెనక బల్ల దగ్గర్నుంచి నాన్న గొంతు వినిపించింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

ఆయన లేచి వచ్చి గడియారం తీసుకుని, మూత విప్పి, ఒక కన్ను మూసి చూశాడు. "ఇరుసే. పని చిన్నదే," అన్నాడు. తర్వాత తడిసి నీళ్లోడుతున్న అబ్బాయిని అంతకన్నా ఎక్కువసేపు చూశాడు. చూసి, గడియారాన్నీ విప్పిన మూతనీ కూతురి ముందు పెట్టాడు.

"నువ్వే చెయ్యి. తొందరేం లేదు, అబ్బాయి రోజూ వచ్చి అడిగి వెళ్తాడు."

"సరే నాన్నా. అయ్యాక నీకిస్తాను, మూత వేద్దువుగాని."

పెద్దాయన నుదుటి మీది భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వద్దు తల్లీ. దీనికి మూత కూడా నువ్వే వెయ్యి."