పక్క గదిలో పెట్టిన మైకు

"ఇది నువ్వు చేశావా? అబద్ధం! మీ నాన్న చేసిచ్చుంటాడు. అయినా ఈల తప్ప ఏం వినిపిస్తోంది?"

జెబకుమార్ మాటకు పిల్లలంతా నవ్వారు. దేవిప్రియకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? వేళ్ళు కాల్చుకుని టంకం పెట్టింది తను. మైకులో గొంతు సరిగ్గా పలికేదాకా రెసిస్టర్లు మార్చి మార్చి చూసింది తను. ఇప్పుడు పేరు మాత్రం నాన్నకా!

తమిళనాడులో కోవిల్‌పట్టిలోని ఆ బడిలో ఆ రోజు సైన్స్ ఎగ్జిబిషన్. ఎనిమిదో తరగతి దేవిప్రియ చేసింది చిన్న ఆంప్లిఫయర్. మైకు, స్పీకరు పక్కపక్కన ఉంటే స్పీకరు శబ్దం మళ్ళీ మైకులోకే దూరుతుంది. ఆ ఈల అందుకే.

"మైకు దూరంగా పెడతా. అప్పుడు వినండి!" అంది కోపంగా.

పొడవాటి వైరు లాక్కుంటూ పక్క గది కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎగ్జిబిషన్ చూడ్డానికి వచ్చిన తన అవ్వ సీనియమ్మాళ్, పక్కింటి పూంగొడి అక్క లోపల కూర్చుని తెలుగులో కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళు చూడకుండా మైకును కిటికీలో పెట్టేసింది. తెలుగు ఇంటి భాష. బడిలో అందరిదీ తమిళమే. ఎవరికి అర్థమవుతుందిలే అనుకుంది.

స్పీకరులో పూంగొడి గొంతు గట్టిగా పలికింది.

"కండ్లు మసకలైపోయినాయత్తా. అగ్గిపుల్లల చట్రం మందులో ముంచేటప్పుడు దాని అంచే కనపడలే. కంపెనీలో తెలిస్తే పనిలోంచి నిలిపేస్తారు. ఎవరికీ చెప్పొద్దు."

"పనిచేస్తోంది!" అంటూ పిల్లలు చప్పట్లు కొట్టారు. జెబకుమార్ ముఖం మాడిపోయింది. దేవిప్రియ గర్వంగా తలెత్తింది.

వేరే తరగతిలో చదివే తన కూతుర్ని చూడ్డానికి వచ్చిన లక్ష్మణసామి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన పూంగొడి పనిచేసే అగ్గిపెట్టెల కంపెనీలో సూపర్‌వైజర్.

"మా పూంగొడేనా?" అన్నాడు, తెలుగులో.

ఈయన ఇంట్లోనూ తెలుగేనా! దేవిప్రియ గబుక్కున స్విచ్ ఆపేసింది. అప్పటికే స్పీకరు మోత విని అవ్వ, పూంగొడి బయటికి వచ్చారు. పూంగొడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమే! మా మాట ఊరికంతా చాటేకి మమ్మల్ని అడిగినావా?" అవ్వ మండిపడింది.

'ఈయన ఎందుకు వినాలి?' అని మొదట లక్ష్మణసామి మీదే కోపం వచ్చింది దేవిప్రియకు. కానీ ఆయన దొంగచాటుగా వినలేదు. వినిపించింది తనే. ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండింది. కళ్ళు తుడుచుకుని ఆయన ముందుకు వెళ్ళింది.

"సార్, ఆ మాట అక్క మీకు చెప్పలే. నేనే దొంగతనంగా మైకు పెట్టినా. తప్పు నాది. అక్కను నిలపొద్దండి."

"మందు దగ్గర చూపు ఆనకపోతే ఒళ్ళు కాలిపోతాదమ్మా," అన్నాడాయన. పూంగొడి వైపు తిరిగాడు. "ముందు కంటాస్పత్రికి పో. అంతవరకు ఆ పని వద్దు. పెట్టెలకు లేబుల్ అంటించు. నిన్ను నిలపను."

పూంగొడి తల ఊపింది. దేవిప్రియ వైపు మాత్రం చూడలేదు. లోపలికి వెళ్ళి కూర్చుంది.

మధ్యాహ్నం మార్కులు వేసే మాస్టారు వచ్చారు. "పక్క గదిలో మాటలు వినిపిస్తాయట కదా? ఏదీ, చూపించు," అన్నారు. జెబకుమార్ ఉత్సాహంగా మైకు అందుకోబోయాడు. దేవిప్రియ లాక్కుంది.

తనే పక్క గదిలోకి వెళ్ళి పూంగొడి ఎదురుగా నిలబడి మైకు చూపించింది.

"అక్కా, ఇది పెడితే మీ మాట బయట అందరికీ వినిపిస్తాది. పెట్టొచ్చా?"

పూంగొడి మైకును చేత్తో పక్కకు నెట్టింది.

"వద్దు."

దేవిప్రియ వైరు చుట్టుకుంటూ వెనక్కి వచ్చింది.

"చూపించకపోతే మార్కులెలా వేసేది?" అన్నారు మాస్టారు.

"వాళ్ళు వద్దన్నారు సార్," అని దేవిప్రియ మైకు ఊడదీసి బల్ల మీద పెట్టేసింది.