సున్నా చూపిన మీటరు

ఆ రోజు ఉదయం కూడా పెద్దాయన కాఫీ కప్పు చేత పట్టుకుని ఫోర్ట్రాన్ పురాణం విప్పారు. అణువిద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. అక్కడి పాత ప్రోగ్రాముల్లో సగం ఆయన రాసినవే, అన్నీ ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలోనే. కూతురు కూడా అక్కడే ప్రోగ్రామరు. వాటిని రస్ట్ అనే కొత్త భాషలో తిరగరాసే పని రెండేళ్ల కిందట ఆమెకు అప్పగించారు. అప్పటినుంచి ఈ విషయంలో తండ్రీకూతుళ్లు ఉప్పూ నిప్పూ.

"రస్ట్ అంటే తుప్పు! పేరులోనే ఉంది దాని బతుకు" అనేవారాయన. "నీది మ్యూజియంలో పెట్టాల్సిన భాష నాన్నా" అనేది కూతురు. తల్లీ, అల్లుడూ పకపకా నవ్వేవారు. ఇప్పుడు నవ్వడానికి ఎవరికీ నోరు రావడం లేదు. అల్లుడు తొమ్మిది రోజులుగా ఆసుపత్రిలో అద్దాల గదిలో పడున్నాడు.

అతను అదే కేంద్రంలో మెకానిక్కు. వాడేసిన ఇంధన కడ్డీలను పరీక్షించే గదికి ఒక బరువైన తలుపు ఉంది. లోపలి మీటరులో రేడియేషన్ తగ్గినట్టు కనిపిస్తేనే ప్రోగ్రాము ఆ తలుపు తెరుస్తుంది. ప్రమాదం జరిగిన రోజు మీటరు సున్నా చూపించింది, తలుపు తెరుచుకుంది. అతను పనిముట్ల పెట్టెతో లోపలికి వెళ్లాడు. జేబులోని రేడియేషన్ అలారం మోగగానే పరిగెత్తుకొచ్చాడు కానీ, జరగాల్సింది ఆ అర నిమిషంలోనే జరిగిపోయింది. రక్తంలో తెల్లకణాలు రోజురోజుకీ పడిపోతున్నాయి. ఏమీ చెప్పలేమంటున్నారు డాక్టర్లు.

ఇవాళ పదింటికి కూతురు విచారణ కమిటీ ముందు కూర్చోవాలి.

"నా ప్రోగ్రాము ఉన్నన్నాళ్లూ ఆ తలుపు ఒక్కసారి తప్పుగా తెరుచుకోలేదు. ఏ భాష గొప్పదో ఇప్పటికైనా తెలిసిందా?" అన్నారు పెద్దాయన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. సమయం, సందర్భం ఆయనకు పట్టవు.

"ఇక ఊరుకోండి" అంది భార్య.

కూతురు చెప్పులు వేసుకోబోతూ ఆగింది. "మీటరు సున్నా చూపిస్తే తలుపు తెరవొద్దని నీ ప్రోగ్రాములో ఒక లైను ఉంది నాన్నా. ఎందుకు రాశావు?"

"ఎందుకేమిటి? రేడియేషన్ మరీ మితిమీరితే ఆ మీటరు మూగబోతుంది. మామూలు చోట కూడా అయిదో పదో చూపించే మీటరు ఉత్త సున్నా చూపించిందంటే లోపల నిప్పులు కురుస్తున్నట్టే. మా వాళ్లందరికీ తెలుసు."

"మరి పక్కన ఒక్క ముక్క రాయలేదే?"

"తెలిసినవాళ్లకి మళ్లీ రాయడమెందుకు?"

"నాకు తెలీదు నాన్నా. సున్నా అంటే లోపల ఏమీ లేదనుకున్నా. ఆ లైను తప్పనుకుని నేనే తీసేశా, నా చేత్తోనే."

"తీసేముందు అడగొద్దూ? ఇంట్లోనే ఏడ్చానుగా నేను!"

"అడిగాను."

ఆయన కప్పు బల్లమీద పెట్టారు. భార్య వంటింటి గుమ్మంలోంచి ముందుకొచ్చింది.

"అడిగిందండీ. నేనక్కడే ఉన్నా. కాగితాలు తెచ్చి మీ ముందు పెట్టి, 'ఒక్కచోట అనుమానంగా ఉంది, చూడు నాన్నా' అని బతిమాలింది. మీరేమన్నారు? 'ఫోర్ట్రాన్‌లో రాసుకురా చూస్తా, ఈ తుప్పు నేను ముట్టుకోను' అని నెట్టేశారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. నేనూ నవ్వాను చూడండి, నాదీ పాపమే!"

 ఆయన చెయ్యి చాచారు. "ఆ కాగితాలు ఇలా తే తల్లీ."

కమిటీ కోసం సర్దుకున్న సంచిలోంచి ఆమె ఆ పేజీ తీసిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో లైనూ చదివారు. సగం పేజీ దిగకముందే వేలు ఆగిపోయింది. మీటరు అంకె ఇంతకన్నా తక్కువైతే తలుపు తెరువు. సున్నా సంగతి లేదు.

"ఇది నాకు తెలుస్తోందమ్మా" అన్నారు. "రెండు నిమిషాలు కూడా పట్టలేదు."

"నీకు తెలుస్తుందనే తెచ్చాను నాన్నా."

ముసలాయన పసివాడిలా భోరుమన్నారు. ఇన్నాళ్లూ కంట తడి పెట్టని కూతురు ఆయన పక్కన కూలబడి భుజం మీద తల వాల్చింది.

"కమిటీకి నేనూ వస్తా. అడిగినా చూడని తప్పు నాదని చెప్తా."

"కమిటీ కాదు నాన్నా నా భయం. తలుపెలా తెరుచుకుందో ఆయనకింకా తెలీదు. రోజూ అద్దం అవతలనుంచి నన్ను చూసి నవ్వుతున్నారు. ఎలా చెప్పను?"

పెద్దాయన కళ్లు తుడుచుకుని లేచారు. కూతురి చెయ్యి పట్టుకుని లేపారు.

"ముందు ఆసుపత్రికే పోదాం పద. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తా."

"వద్దు" అంది ఆమె. "ఇద్దరం చెబుదాం."