సంతకం పెట్టని కాగితం

మూడోసారి కూడా ఆ దరఖాస్తును వెనక్కి పంపింది నేనే. అందుకే దరఖాస్తు పెట్టిన పరిశోధకురాలు ఆ సోమవారం పొద్దున్నే తుఫానులా మా గదిలోకి వచ్చింది. భుజాన సంచి, సంచి నిండా సీసాలు, సీసాల నిండా ఏవేవో ఊళ్ల బావినీళ్లు.

"కొర్రీ గారంటే మీరేనా?"

విశ్వవిద్యాలయంలో పరిశోధనల విభాగం మాది. విదేశీ సంస్థల గ్రాంట్లకు వెళ్లే ప్రతి దరఖాస్తూ ముందు నా బల్ల మీదికి రావాలి. నేను ఎర్రసిరాతో కొర్రీలు వేస్తాను కాబట్టి అందరూ నాకు ఆ పేరే ఖాయం చేశారు. నా అసలు పేరు జీతం ఇచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

"నేనే. కూర్చోండి మేడమ్."

"కూర్చోడానికి రాలేదు. 'మంచు కురిసే రోజుల్లో నమూనాలు ఎలా సేకరిస్తారు' అన్న ప్రశ్న ఖాళీగా వదిలేశానని వెనక్కి పంపారు. మన దగ్గర మంచు కురుస్తుందా సార్?"

"కురవదు. 'మంచు కురవదు' అని రాయండి. ఖాళీ ఉంటే వాళ్లు తీసుకోరు."

ఆవిడ నన్ను చూసిన చూపుకు నా కలం మూత దానంతటదే పడిపోయింది. చివరికి కూర్చుంది. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. అది దాటితే మళ్లీ మూడేళ్ల దాకా ఆ గ్రాంటు లేదు.

మంగళవారం వాన పట్టుకుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పేజీలు తిప్పుతుండగా కరెంటు పోయింది. ఆవిడ అలవాటుగా కిటికీ దగ్గరికి జరిగి, ఆ వెలుతురులోనే చదవడం మొదలుపెట్టింది. పదకొండో పేజీలో నా వేలు ఆగింది.

"'ప్రయోగశాలకు నిరంతర విద్యుత్ సరఫరా కలదు.' ఇదేంటి మేడమ్?"

"అబద్ధం," అంది నిదానంగా. "నిజం రాస్తే ఇస్తారా? రోజుకు నాలుగు గంటలు కరెంటుండదని తెలిస్తే మా ల్యాబ్ మొహం కూడా చూడరు."

"మీరు కనిపెట్టింది ఏంటసలు? నాకు అర్థమయ్యేలా చెప్పండి."

సంచిలోంచి ఓ గులాబీరంగు కాగితప్పట్టీ తీసింది. ఒక సీసాలో ముంచింది. చూస్తుండగానే పట్టీ పసుపురంగుకు తిరిగింది.

"పసుపు అయితే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. తాగకూడదు. ఇవి మా ఊరి బావినీళ్లు. మా నాన్న చిన్నప్పట్నుంచీ ఇవే తాగాడు. ఇప్పుడు ఆయన మెడ తిరగదు. పక్కనున్న మనిషిని చూడాలన్నా మొత్తం ఒళ్లు తిప్పాల్సిందే. ఈ పట్టీని ఇంకా నలభై ఊళ్లలో పరీక్షించాలి. పిల్లలన్నా బాగుంటారు."

అలవాటుకొద్దీ దరఖాస్తు వైపే చూస్తూ అడిగాను.

"ఈ పట్టీకి కరెంటు కావాలా?"

"అక్కర్లేదు. ఎండలో ఆరబెడితే చాలు."

"ఆ మాటే రాయండి. కరెంటు లేని చోట బతికేవాళ్లు, కరెంటు అక్కర్లేని పద్ధతి కనిపెట్టారని రాయండి. ఇందులో దాచడానికేముంది?"

ఆవిడ నా ఎర్రకలం లాక్కుని, ఆ వాక్యాన్ని తనే కొట్టేసింది. బయట వాన తగ్గలేదు. తగ్గకపోతే బాగుండునని నేను జీవితంలో మొదటిసారి అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నానికి అన్నీ సిద్ధం. చివరి కాగితం ఒక్కటే మిగిలింది. అది నేను సంతకం పెట్టాల్సిన ధ్రువపత్రం. 'ఈ దరఖాస్తుదారుతో నాకు బంధుత్వం గానీ, ప్రత్యేకమైన అభిమానం గానీ లేవు.'

రెండుసార్లు కలం ఎత్తాను. రెండుసార్లూ దించాను.

"ఏమైంది?" అంది.

"నేను దీని మీద సంతకం పెట్టలేను."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఇన్ని రోజులు కూర్చోబెట్టి, ఇప్పుడా? మనిషివనుకున్నాను. నిజంగా కొర్రీవే!" కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. సంచి కూడా నా బల్ల దగ్గరే వదిలేసింది.

వెనకాల పరిగెత్తాలని ఉంది. గడియారం మూడున్నర చూపిస్తోంది. ముందు కాగితం సంగతి చూడాలి. ఫైలు పట్టుకుని మా సూపరింటెండెంటమ్మ గదికి పరిగెత్తాను.

"నా బదులు మీరు పెట్టాలమ్మా."

"ఎందుకూ? నియమం ప్రకారం కారణం రాసివ్వాలి నువ్వు."

రాసిచ్చాను. ఆమె కళ్లజోడు పైకెత్తి ఒకసారి, కిందికి దించి మరోసారి చదివి, నవ్వు ఆపుకుంటూ సంతకం చేసింది. నాలుగూ యాభైకి దరఖాస్తు వెళ్లింది. ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు.

సోమవారం ఆవిడ మళ్లీ వచ్చింది. చేతిలో దరఖాస్తుదారుకు పంపే నకలు ఉంది.

"ఈ కాగితం కూడా వాళ్లకు పంపారా?"

"కారణం జతపరచాలని నియమం..."

"'దరఖాస్తుదారు అంటే నాకు చాలా ఇష్టం. కావున సంతకం పెట్టలేను.' ఇది అక్కడి కమిటీ మొత్తం చదువుతుంది! నాకు చెప్పకముందు వాళ్లకు చెప్పారు!"

ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. నిజం చెప్తున్నాను, సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ నా ఎర్రకలం తీసుకుని, ఆ నకలు అంచున ఏదో రాసి, సంచి భుజానికెత్తుకుని, నావైపు చూడకుండా వెళ్లిపోయింది. చదివాను.

'ఇష్టం ఏ రోజు నుంచో తేదీ రాయలేదు. సరిచేసి తిరిగి సమర్పించవలెను.'

కింద రాశాను: 'కరెంటు పోయిన మంగళవారం.' రాసి, ల్యాబ్ దాకా వానలో తడుస్తూ వెళ్లి నా చేత్తోనే ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి, సంచిలో సీసాల మధ్య భద్రంగా పెట్టుకుంది. "ఆమోదించాను," అంది మెల్లగా.

నాలుగు నెలలకు గ్రాంటు వచ్చింది. కరెంటు అక్కర్లేదన్న ఆ పేరా చదివే ఒప్పుకున్నామని ఉత్తరంలో రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం.

వరండాలో వాళ్ల నాన్న నిటారుగా కూర్చుని ఉన్నారు. నా గొంతు విని, నెమ్మదిగా, కుర్చీ చేతులు పట్టుకుని, మొత్తం మనిషి నా వైపు తిరిగారు.

"మా అమ్మాయి కాగితాలు మూడుసార్లు తిప్పి పంపింది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

ఆయన నన్ను అలాగే చూశారు.

"అమ్మాయిని మాత్రం తిప్పి పంపకు."

"పంపనండీ. నాకు కొర్రీలేం లేవు."

"నాకున్నాయి," అంటూ ఆవిడ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. "ముందు తాగండి. పరీక్షించే తెచ్చాను."