సిమెంటు నేల మీద పెరగని దుప్పి

ఉదయం 6.40.

మణిపూర్‌లోని లోక్‌తాక్ సరస్సు ఒడ్డున, దుప్పుల సంరక్షణ కేంద్రంలో, మగ దుప్పి చచ్చి పడి ఉంది. నోట నురగ. ఈగలు అప్పుడే కాపురం పెట్టేశాయి.

ఇన్‌స్పెక్టర్ సనహన్బి ముక్కుకు రుమాలు కట్టుకుంది. కంపు కన్నా పక్కనున్న మనిషి మాటలే ఆమెకు ఎక్కువ వెగటు పుట్టించాయి.

"వెంటనే కాల్చేద్దాం మేడమ్. ఏ రోగమో ఏమో," అన్నాడు డాక్టర్ ఖేలేంద్రో. కేంద్రానికి అతనే పెద్ద.

"ఇందాక విషం అన్నారుగా?"

"విషమే. పెట్టింది వీడే!"

వేలు చూపింది కాపరి తోంచౌ వైపు. అరవై దాటిన మనిషి. పాతికేళ్లు ఈ దుప్పులకు మేత వేసిన చేతులు. నేరం రుజువైతే ఆ చేతులకు బేడీలే.

సంగాయి దుప్పులకు అడవి ఇల్లంటూ మిగిలింది ఈ సరస్సు ఒక్కటే. ఒకనాడు గుప్పెడు మిగిలాయి. వాటిలో అవే జతకట్టి మంద అయింది. పోయిన ఏడాది పుట్టిన పిల్లకు కళ్లే లేవు. అందుకే కొత్త రక్తం కోసం, ఎక్కడో దూరపు జూలో పెరిగిన ఈ మగదాన్ని రెండు నెలల కింద తెప్పించారు. రక్త పరీక్షకు ఈ రోజు పదింటికి ఇంఫాల్ నుంచి టీమ్ వస్తోంది.

"ఖురా," అంది సనహన్బి. ఊరి అమ్మాయి కాబట్టి తోంచౌ ఆమెకు బాబాయ్ వరసే. "ఆడవాటి గేటుకు మొన్న తాళం వేశావట. ఎందుకు?"

"సంబంధం కుదరలేదు, ఇబెమ్మా," అన్నాడు తోంచౌ, కూతుర్ని పిలిచినట్టు.

"అంటే?"

"అన్నీ ఒకే యెక్."

డాక్టర్ పకపకా నవ్వాడు. "విన్నారా? దుప్పులకు గోత్రాలట! ఆ పిచ్చితోనే చంపాడు."

సనహన్బి నవ్వలేదు. ఆమె పెద్దమ్మ కూతురు ఒకే యెక్‌లో పెళ్లాడింది. తండ్రి చచ్చేదాకా ఆ పిల్ల పేరెత్తలేదు.

ఆమె కళేబరం పక్కన కూర్చుంది. వెనక కాలు ఎత్తి చూసింది. తొడ తడిమింది. లేచింది.

7.25.

"డాక్టర్ గారూ, ఆ జూలో నేల ఏమిటి?"

"సిమెంటు. ఐదేళ్లూ దాని మీదే పెరిగింది."

"ఇక్కడ?"

"గట్టి మట్టి. చూస్తున్నారుగా!"

"మరి ఈ కాలు చూడండి. గిట్ట సాగి విచ్చుకుంది. వెనక మడమ దగ్గర చర్మం కాయ కాచింది. మాది చేపలు పట్టే ఇల్లు. నీళ్ల మీద తేలే గడ్డి తెప్పల మీద, కాలు దిగబడకుండా మడమలు ఆన్చి నడిచే దుప్పులకే ఇలా ఉంటుంది. సిమెంటు మీద గిట్టలు అరుగుతాయి, సాగవు. ఇది ఈ సరస్సు దుప్పి."

"చెవికి జూ బిళ్ల ఉంది!"

"బిళ్ల ఏ చెవికైనా గుచ్చొచ్చు. తొడ మీద సూది పోటుంది. మత్తుమందు బీరువా తాళం ఎవరి దగ్గర?"

డాక్టర్ చెయ్యి తనంతట తానే జేబు మీదికి పోయింది.

తోంచౌ ముందుకు వచ్చాడు. "నడక చూసి మొదటి రోజే చెప్పానమ్మా. నువ్వేం చదివావురా అన్నాడు."

"అసలు దుప్పి ఏమైంది?" సనహన్బి డాక్టర్‌ని నిలదీసింది.

"తెస్తుంటే కొండదారిలో లారీ ఆగిపోయింది," నసిగాడు డాక్టర్. "ఎండ. నేను హోటల్లో పడుకున్నా. నీళ్లు పెట్టడం మరిచిపోయా. చచ్చిపోయింది."

"ఆ బిళ్ల తీసి, సరస్సులో పట్టిన దీనికి తగిలించారు. పరీక్షలో బయటపడుతుందని దీన్నీ చంపేశారు. ముసలాయన మెడకు చుట్టారు."

"ఇక్కడ అన్నీ చుట్టాలేగా మేడమ్! ఏది దేని మీద ఎక్కితే ఏంటి?"

సనహన్బి పక్కకు తిరిగి కాండ్రించి ఉమ్మింది. పదమూడేళ్ల సర్వీసులో హంతకుల్ని చూసింది కానీ, ఇంత రోత ఎన్నడూ కలగలేదు.

బేడీలు డాక్టర్ చేతులకు పడ్డాయి.

తోంచౌ మాత్రం కదలలేదు. గేటు అవతలి రెండు ఆడ దుప్పుల వైపు చూస్తున్నాడు.

"నేను తాళం వేసేసరికే ఆలస్యమైంది, ఇబెమ్మా. రెండూ చూలుతో ఉన్నాయి. అన్నకో, తండ్రికో."

ముసలాయన గోడకు ఆనించిన పార తెచ్చి డాక్టర్ కాళ్ల ముందు పడేశాడు.

"కళ్లు లేని పిల్లకు పోయిన ఏడాది గొయ్యి నేను తవ్వాను. ఈసారి మీరు తవ్వండి, డాక్టర్ గారూ."