పొద్దున్నే అరవని కారు

"ఇద్దరు కూర్చునే కారులో ముగ్గురు పట్టరు. కాబట్టి నాగబాబూ, నువ్వు మోపెడ్ మీద వెనకాల వెళ్తావు," అన్నాడు చీఫ్ గోవర్ధనరావు.

1998 జనవరి ఒకటి. బందరులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ పై గదిలో బ్రీఫింగ్. సంగతి చిన్నది కాదు. దివిసీమ రాడార్ స్టేషన్ రహస్య ఫ్రీక్వెన్సీలున్న మైక్రోఫిల్మ్ ఒక విదేశీ ముఠాకి చిక్కింది. పన్నెండో తేదీ ఉదయం పదింటికి హంసలదీవికి పడవ వచ్చి దాన్ని పట్టుకుపోతుందని సమాచారం. అది దేశం దాటితే మన తీరానికి కళ్ళు పోయినట్టే.

"ముఠాలో మన మనిషి హారిక. చైతన్య రొయ్యల ఎగుమతిదారుగా వెళ్ళి ఆ ఫిల్మ్‌ని బేరమాడతాడు. అమ్మేవాణ్ణి ఆవిడ పడవకంటే ముందే హంసలదీవి రప్పిస్తుంది. కారుకి డిపార్ట్‌మెంట్ పాస్ ఉంది, ఏ చెక్‌పోస్టులోనూ ఆపరు. ప్రమాదం వస్తే కోడ్ వర్డ్, ఐసు కరుగుతోంది."

"మరి నేను సార్?"

"మెకానిక్‌వి. గుడివాడలో మీ నాన్న షెడ్డులో పెరిగినవాడివి కదా."

కృష్ణచైతన్య, నాగబాబు ఒకే రోజు సర్వీసులో చేరారు. షూటింగులో నాగబాబుకే రెండు మార్కులెక్కువ. అయినా చైతన్యకి కోటు, నల్లకళ్ళద్దాలు, ఎర్రటి ఫారిన్ స్పోర్ట్స్ కారు, పక్క సీట్లో హారిక. నాగబాబుకి గ్రీజు మరకల ఖాకీ బట్టలు. ఏజెంటు ఈర్ష్య పడకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు. చెప్పినవాళ్ళెవరూ హారికని చూడలేదు మరి!

మొదటి రోజు పొద్దున్నే ముగ్గురూ దిగిన గెస్ట్‌హౌస్ ఆవరణలో చైతన్య క్లచ్ నొక్కి రివర్స్ వేశాడు. క్ర్ర్ర్ర్! వాచ్‌మన్ శోభనాద్రి చేతిలో టీ గ్లాసు జారిపోయింది. హారిక చెవులు మూసుకుని నవ్వింది. బండి అరగంట తిరిగి వేడెక్కాక మాత్రం కిమ్మనలేదు.

మర్నాడు మంచులో నాగబాబు ఒక్కడే కూర్చుని పరీక్ష చేశాడు. పెడల్ పూర్తిగా నొక్కి, అయిదు లెక్కపెట్టి, రివర్స్ వేశాడు. అరిచింది. పెడల్‌ని గబగబా మూడుసార్లు నొక్కి వేశాడు. చప్పుడు లేకుండా పడింది. అంటే క్లచ్ ప్లేటు బాగానే ఉంది. క్లచ్ సిలిండర్లో రబ్బరు సీలే చలికి బిగుసుకుపోయి, ప్రెషర్‌ని వదిలేస్తోంది. వేడి తగిలితే మెత్తబడి పట్టుకుంటోంది. ఆ మధ్యాహ్నమే గుడివాడ వెళ్ళాడు. జీపు సీలు ఒకటి సరిగ్గా అదే కొలతకి దొరికింది. బిగించడం అరగంట పని.

బిగించాడా? లేదు. జేబులో వేసుకున్నాడు. రోజూ పొద్దున్నే హారిక ముందు చైతన్య పరువు క్ర్ర్ర్ మంటుంటే నాగబాబుకి రెండు ఇడ్లీలు ఎక్కువ దిగుతున్నాయి.

ఒకనాడు హారిక దగ్గరికొచ్చి, "మీరెక్కితే అరవదేంటండీ, నాగబాబుగారూ?" అంది.

అంతే, మనిషి కరిగిపోయాడు. మూడుసార్ల కిటుకు ఆమెకి నేర్పించి, "చైతన్యకి మాత్రం చెప్పకండి," అన్నాడు.

"ఒట్టండీ, చెప్పను."

పన్నెండో తేదీ. తెల్లవారింది. నాగబాబు అలవాటుగా కారెక్కి, క్లచ్ ఒక్కసారే నొక్కి రివర్స్ వేశాడు. చప్పుడు లేదు. మళ్ళీ వేశాడు. అయినా లేదు. దిగి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా, తడిగా ఉంది. వేడి తెలియకుండా ఎవరో నీళ్ళు పోసి కడిగారు. మీటరు చూస్తే నిన్నటి అంకే, కానీ దాని కేబుల్ ఊడదీసి ఉంది. కారు తెల్లవారుజామున ఎక్కడికో వెళ్ళొచ్చింది!

చైతన్య, హారిక కలిసి మంగినపూడి బీచికి సూర్యోదయం చూడ్డానికి వెళ్ళారన్నమాట. ఇవాళ్టి ఫోన్‌లో చీఫ్‌కి చెప్పి చైతన్య సంగతి తేల్చాల్సిందే అనుకుంటూ నాగబాబు వాచ్‌మన్ దగ్గరికి పరిగెత్తాడు.

"శోభనాద్రిగారూ, చైతన్య సారు చీకటితో బండి తీశారా?"

"ఆయన తీస్తే తెలీకుండా ఉంటదా బాబూ! ఆ అరుపుకి వీధి వీధంతా లేవదూ? ఇవాళ అసలు చప్పుడే లేదు."

నాగబాబు అక్కడే నిలబడిపోయాడు. చల్లటి కారుని అరవకుండా తీయగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు తను. రెండో మనిషికి తనే నేర్పాడు. చైతన్యే ద్రోహి అయితే ఎంత బాగుండేది అనిపించింది అతనికి, నిజంగానే అనిపించింది. కానీ లెక్క అటు తిరగడం లేదు. అమ్మేవాడున్నాడని చెప్పింది హారిక ఒక్కతే, అలాంటివాడెవడూ లేడు. హారిక వెళ్ళి ముఠా దగ్గర్నుంచి ఫిల్మ్ తెచ్చి ఈ కారులోనే దాచింది. చైతన్యే దాన్ని పాస్ చూపించి, చెక్‌పోస్టులన్నీ దాటించి, పడవ దాకా దిగబెట్టబోతున్నాడు.

సీట్ల కింద, డిక్కీలో, స్టెప్నీలో వెతికాడు. దొరకలేదు. ఈలోగా ఇద్దరూ బయటికి వచ్చేశారు. చైతన్య రివర్స్ వేశాడు. చప్పుడు లేదు.

"చూశావా బావా! బండి నా మాట వింటోంది."

నాగబాబు అతన్ని దిగమని పక్కకి లాగాడు. "బావా, బండి ముందే వేడెక్కి ఉంది. చీకటితో హారిక తీసింది. ఫిల్మ్ ఇందులోనే ఉంది."

"దొరికిందా?"

"లేదు."

"సాక్ష్యం?"

"క్లచ్."

చైతన్య పగలబడి నవ్వాడు. "నీకు కుళ్ళు బావా. మొదటి రోజు నుంచీ కుళ్ళే."

అది నిజమే. కారు వెళ్ళిపోయింది.

ఎస్టీడీ బూత్‌లోంచి ఫోన్ చేశాడు. "సార్, ఐసు కరుగుతోంది. హారిక అవతలివాళ్ళ మనిషి."

"ప్రూఫ్?"

"కారు అరవలేదు సార్."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మోపెడ్ చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి చేరేసరికి తొమ్మిదిన్నర. కారు సరుగుడు చెట్ల కింద సముద్రపు గాలికి చల్లబడుతోంది. దూరంగా ఇసుకలో చైతన్య, రాని మనిషి కోసం దారి చూస్తున్నాడు. పక్కనే హారిక. నాగబాబు కారు కిందకి పాకి, స్పానర్‌తో క్లచ్ బ్లీడింగ్ నట్టుని వదులు చేశాడు. ఇక పెడల్ నొక్కినకొద్దీ ఆయిల్ ఇసుకపాలే. గబగబా మూడుసార్లు నొక్కేది ఎవరో అతనికి తెలుసు.

పదికి అయిదు నిమిషాలుందనగా, మైలు దూరంలో, పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ కనిపించింది. హారిక హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది.

"సారీ చైతన్యగారూ. అమ్మేవాళ్ళెవరూ లేరు."

చైతన్య చేతులెత్తేశాడు. ఆమె పరుగున వచ్చి కారెక్కి స్టార్ట్ చేసింది. చెట్టు చాటునుంచి నాగబాబు లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు.

క్ర్ర్ర్ర్!

మళ్ళీ మూడు నొక్కింది. బలవంతంగా గేరు తోసింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. హారిక గేరు రాడ్డు మీది బుడిపెని తిప్పి ఊడదీసి, దాన్ని పట్టుకుని కిందకి దూకింది.

"నాలుగోసారి కూడా నొక్కి చూడండి, హారికగారూ," అంటూ స్పానర్ విసిరాడు నాగబాబు. పిస్టల్ ఎగిరి ఇసుకలో పడింది. అతను మీదపడి ఆమె చేతులు పట్టుకునేసరికి కోడూరు వైపు నుంచి పోలీసు జీపు దూసుకొచ్చింది. దాన్ని చూసి పడవ వెనక్కి తిరిగింది.

బుడిపె లోపల చిన్న గుల్ల, అందులో ఫిల్మ్. చీఫ్ తనొక్కడికే చెప్పిన ఆ రహస్యపు గుల్లని హారికకి గొప్పగా చూపించింది చైతన్యే. నాగబాబు నవ్వలేకపోయాడు. తను నేర్పింది తక్కువేం కాదు.

"కిటుకు ఆవిడకి చెప్పి నాకు చెప్పలేదేం బావా?" అన్నాడు చైతన్య, బట్టలకంటిన ఇసుక దులుపుకుంటూ. గొంతులో కుళ్ళు స్పష్టంగా వినిపించింది. నాగబాబుకి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం చీఫ్ అన్నాడు: "కారు అరవలేదన్న మాట నమ్మి జీపు పంపలేదయ్యా. పదకొండు రోజులుగా రోజూ ఫోన్ చేసి చైతన్య మీద చాడీలు చెప్పావు. ఇవాళ మొదటిసారి ఇంకొకరి మీద చెప్పావు. అందుకని పంపాను." తర్వాత పెనుగులాటలో నాగబాబు జేబులోంచి పడిన రబ్బరు సీలుని టేబుల్ మీద పెట్టాడు. "ఇది ఎప్పట్నుంచి ఉంది నీ దగ్గర?"

"రెండో రోజు నుంచి సార్."

"వేసి ఉంటే?"

"కారు రోజూ అరవకుండా లేచేది సార్. ఇవాళ మనకేమీ తెలిసేది కాదు."

"ఎందుకు వేయలేదు?"

నాగబాబు టేబుల్ మీది సీలుకేసి చూశాడు. చైతన్య చెవులు రిక్కించాడు. చీఫ్ ఇద్దరినీ చూసి పెన్ను తీశాడు.

"ముందుచూపు అని రాస్తున్నాను. సరే, చైతన్య రేపు అదే కారులో విశాఖ వెళ్తున్నాడు, కొత్త అసైన్‌మెంట్. సీలు బిగించి పంపు."

"అలాగే సార్," అని నాగబాబు సీలు తీసి జేబులో వేసుకున్నాడు.