రత్నమాంబ గట్ల చేయదు

బేస్తవారం పొద్దున మొదటి బస్సుకు వారపత్రిక ఊళ్లోకి వచ్చేది. లింగస్వామి దుకాణంలో దొరికేది ఒకే ఒక్క కాపీ. దాన్ని కిరాయికి తెచ్చుకుని, చదివి, పొద్దు గూకేలోపు తిరిగి ఇచ్చెయ్యాలి. మగ్గాల వాడలో గడగడా చదవగలిగే ఆడమనిషి మంజులత ఒక్కతే. అందుకని బేస్తవారం వచ్చిందంటే చాలు, వాడలోని ఆడవాళ్లంతా తలా ఒక రాట్నం చంకన పెట్టుకుని ఆమె అత్త వెంకటనర్సమ్మ అరుగు మీద చేరేవాళ్లు. చెవులు కథకు, చేతులు నూలు చుట్టే కండెలకు. అంతమందినీ వాకిట కూర్చోబెట్టుకోవడమంటే వెంకటనర్సమ్మకు మహా గొప్ప. షుగర్ జబ్బుతో చూపు పోయినా, కండె చుట్టడంలో మాత్రం ఆ వాడలో ఆమెను మించినవాళ్లు లేరు.

అందరికీ ప్రాణం ఆ సీరియల్లోని రత్నమాంబ. చెప్పకుండా పెళ్లి చేసుకున్నాడని కన్నకొడుకును మెడపట్టి గెంటిన మనిషి. మాటంటే మాటే. "అచ్చం మా పెద్దమ్మనే జూసి రాసిండ్రు" అని పక్కింటి గోవిందమ్మ వారం వారం అనేది. వెంకటనర్సమ్మ కాదనేది కాదు, మూతి బిగించి లోలోపల మురిసిపోయేది.

మురియక ఏం చేస్తుంది! ఆమె చేసింది రత్నమాంబను మించిన పని. కూతురు కళావతి ఆలేరులో గడియారాలు బాగుచేసే ఆజంను పెళ్లి చేసుకుందని తెలిసిన రోజున, బావి దగ్గర కూర్చుని నెత్తి మీద నుంచి నీళ్లు కుమ్మరించుకుంది. చచ్చినవాళ్లకు చేసే స్నానం అది. "నాకు బిడ్డ లేదు" అంది. ఆ మాట అన్నాక మళ్లీ కూతురి పేరెత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.

ఆ బేస్తవారం మంజులత మనసు పత్రిక మీద లేదు. పోయిన ఆదివారం కళావతి పెద్ద దవాఖానలో కాన్పు కష్టమై చనిపోయింది. ఆడపిల్ల బతికింది. మంజులత భర్త జానయ్య ఒక్కడే పోయి, చెల్లెల్ని మట్టి చేసి వచ్చాడు. తల్లికి ఒక్క ముక్క చెప్పలేదు. పసిగుడ్డు ఇప్పుడు ఆజం తల్లి అన్వరీ బేగం దగ్గర ఉంది. ఆమెకు దమ్ము, నాలుగడుగులు వేస్తే ఆయాసం. సీసా పాలు పట్టిస్తే పిల్ల కక్కేస్తోందని పొద్దున్నే కబురొచ్చింది.

"నా కొడుకు ఇంకా పాలు తాగుతనే ఉన్నడు. ఇద్దరికి సరిపోతయి. తీస్కరాండ్రి" అని మంజులత మొగుడి కాళ్లావేళ్లా పడింది.

"మా అమ్మ గురించి తెలిసే అంటున్నవా? ఆ పిల్లను గడప దొక్కనిస్తదా? గా పాపం నేను జూడలేను" అన్నాడు జానయ్య.

మగవాడు చేతులెత్తేశాడు. పిల్లేమో అక్కడ నీరసించిపోతోంది. అప్పుడు మంజులతకు తోచింది, అత్తకు నేరుగా చెప్పలేని మాట రత్నమాంబ నోట చెప్పిస్తే?

పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. సగం దాకా అచ్చులో ఉన్నదే చదివింది. ఆ తర్వాత అచ్చు వదిలేసింది. "తలుపు చప్పుడైంది. ఎదురుగా మనవడు. ఆ పసివాణ్ణి చూడగానే రత్నమాంబ మనసు కరిగిపోయింది. 'రా బంగారూ' అంటూ చేతులు చాచి గుండెకు హత్తుకుంది."

రాట్నాలు ఆగాయి.

"ఏందేందీ?" అంది గోవిందమ్మ. "రత్నమాంబ గట్ల చేయదు! రాసేటాయనకు కల్లు ఎక్కువైనట్టుంది."

అంతా ఫక్కున నవ్వారు. వెంకటనర్సమ్మ నవ్వలేదు. "పోయిన వారం కొడుకు పేరెత్తినందుకే పనిమనిషి చెంప పగలగొట్టింది. గీ వారం బంగారూ అంటదా? మనిషి మారొద్దని గాదు. ఎందుకు మారిందో చెప్పాలె. లోపల ఏమి తెగిందో చూపియ్యాలె. అది లేకుంట మారిస్తే మారుడు గాదు, అబద్ధం."

మంజులతకు తన తప్పు తెలిసింది. అత్త అన్నది నిజం. ఊరికే కరిగిపోయే మనిషి రత్నమాంబ అయితే, ఇన్నాళ్లూ వీళ్లు ఆమె కోసం ఎందుకు కాచుకుంటారు?

"ఆగుండ్రి, ఇంకా ఉంది" అని పేజీ తిప్పింది. ఈసారి కథ ఆమె కడుపులోంచి వచ్చింది.

"ఆ పొద్దున్నే రత్నమాంబకు కబురు వచ్చింది, కొడుకు ఇక లేడని. ఆమె ఏడవలేదు. పెట్టె అడుగున దాచిన వాడి చిన్నప్పటి చొక్కా తీసింది. రోజూ ఎవరూ చూడకుండా తీసి చూసుకునేది. కోపం ఎప్పుడో పోయింది. కానీ అన్న మాట అలాగే ఉండిపోయింది. మాట తప్పితే నవ్వుతారని ఊరికి భయపడింది. వాడే వస్తాడని ఆమె, ఆమే పిలుస్తుందని వాడు. ఇద్దరూ ఎదురుచూశారు. ఇప్పుడు ఎదురుచూడటానికి ఎవరూ లేరు. అప్పుడే తలుపు దగ్గర పసివాడు నిలబడ్డాడు. వాడి కళ్లు అచ్చం వాళ్ల నాయనవే..."

ఇక చదవలేకపోయింది. గోవిందమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "ఇప్పుడు చేస్తది" అంది. "గిట్లయితే చేస్తది తల్లీ."

వెంకటనర్సమ్మ చేతిలో కండె కిందికి జారింది. "అందరు ఇండ్లకు పోండ్రి" అంది.

అరుగు ఖాళీ అయ్యింది. అత్త కోడలి వైపు తిరిగింది.

"మంజులా, మగ్గం ఎందుకాగింది?"

"నూలు రాలేదని ఆయన చెప్పిండు గద అత్తమ్మా."

"నా ఒడి నిండ నూలే ఉండె. సోమవారం సంది చుడుతనే ఉన్న. నాకు కండ్లు పోయినయ్ గని బుద్ధి పోలె. నా కొడుకు సావు మైల పట్టిండు. మైల తీరేదాక మగ్గం దొక్కద్దని చిన్నప్పుడు నేర్పింది నేనే. ఎవరి మైలనో అడుగుదామంటే నాకు భయమైంది. నువ్వేమో కథ మార్చి చదువుతున్నవ్. చెప్పు బిడ్డా, ఎవరు పోయిండ్రు?"

మంజులత మొగుడి వైపు చూసింది. గుమ్మంలో నిలబడి ఉన్న జానయ్యే చెప్పాడు. "కళ పోయింది అమ్మా. ఆదివారం, పెద్ద దవాఖానల, కాన్పుల."

వెంకటనర్సమ్మ ముఖంలో ఒక్క నరం కదల్లేదు. "దవాఖానల వేసిండ్రని నీకు ఎప్పుడు తెలిసింది?"

"శుక్రారం."

"ఆదివారం దాక బతికుండె గద. నాకెందుకు చెప్పలె?"

జానయ్య ఇక ఆగలేకపోయాడు. "చెప్తే వస్తుంటివా? బతికున్న బిడ్డకు స్నానం చేసినవ్! పేరెత్తితే అన్నం ముందల్నుంచి లేసిపోతివి! ఏం ముఖం పెట్టుకొని చెప్పాలె నీకు?"

కొడుకు తల్లి మీద గొంతెత్తడం ఆ ఇంట్లో అదే మొదలు. తిట్లు పడతాయని మంజులత బిగుసుకుపోయింది. వెంకటనర్సమ్మ మాత్రం గోడ పట్టుకుని లేచింది. "నన్ను ఆలేరు తీస్కపో" అంది.

ఆజం ఇల్లు స్టేషన్ వెనక సందులో. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటేనే పిల్ల ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు కూడా కాదు, పిల్లికూన మూలిగినట్టు. మంజులత పరుగున పోయి, అన్వరీ బేగం ఒళ్లోంచి పిల్లను తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. పిల్లకు మొదట చాతకాలేదు. తర్వాత అందుకుంది. ఇల్లు నిశ్శబ్దమైంది.

వెంకటనర్సమ్మ నేల మీదనే చతికిలబడింది. ఆజం లేచి, పెద్దవాళ్లకు చోటిచ్చి బయటికి వెళ్లిపోయాడు.

"వదినా," అన్వరీ బేగం ఆయాసపడుతూ దగ్గరికి జరిగింది. "మీరు వస్తరని అనుకోలె."

"నా బిడ్డ నన్ను తిట్టిందా?" వెంకటనర్సమ్మ అడిగింది. "సచ్చిపోయేముందు ఏమని తిట్టింది? దాచకు, చెప్పు."

"అల్లా కసమ్, ఒక్క మాట అనలె. దవాఖానల నేనే అన్న, బేటీ, మీ అమ్మకు కబురు పంపిస్త అని. వద్దన్నది."

"వద్దన్నదా?"

"'మా అమ్మ మాట మీద నిలబడే మనిషి, పిలిచినా రాదు' అన్నది. 'రాకుంటే అందరు ఆమెనే తప్పు పడతరు. నా వల్ల ఆమెకు గా మాట ఎందుకు?' అన్నది. గుస్సా లేకుంటనే అన్నది వదినా. జర నవ్వింది గూడ."

మంజులత పిల్లను ఇంకా దగ్గరికి పొదువుకుంది. తనూ అంతే కదా. శుక్రవారం నాడు కబురు విన్నప్పుడు, అత్త రాదని తనూ ఒప్పేసుకుంది. కాగితం మీది రత్నమాంబకైతే మారడానికి ఒక కారణం వెతికిపెట్టింది. ఇంట్లో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

వెంకటనర్సమ్మ చేతులు గాలిలో వెతికాయి. అన్వరీ బేగం ఆ చేతుల్ని పట్టుకుని పసిపిల్ల పాదాల మీద పెట్టింది. అప్పుడు ఏడ్చింది ఆ ముసలామె. వాడంతా బండరాయి అనుకున్న మనిషి, నేలకు తల కొట్టుకుంటూ, ఊపిరాడనట్టు ఏడ్చింది.

"వస్తుంటినే బిడ్డా! ఒక్కసారి పిలిస్తే గుడ్డిదాన్ని నడుసుకుంటనన్న వస్తుంటినే! మీ అమ్మ రాదని నీకెవరు చెప్పిండ్రే?" అంది. మళ్లీ తనకు తానే జవాబు చెప్పుకుంది. "నేనే చెప్పిన గద. రోజు చెప్పిన గద."